వెలిగిందా, వెలిగించారా?



ఈ ఏడాది, అంటే 2026లో, దీపావళి నవంబర్ 8, ఆదివారం. ఇంకా చాలా రోజులుంది కదా అని ఊరుకోకండి. అటక మీద లైట్ల పెట్టె ఉంటే ఇప్పుడే దించండి. ఒక్కొక్క సెట్టూ ప్లగ్‌లో పెట్టి చూడండి. వెలగనిది పక్కన పెట్టండి. వైరు తొక్క ఊడినది పారేయండి. ఈ నెల మన పాఠం ఆ పెట్టె గురించే.

మన ముత్తాతలు ఓడ ఎక్కినప్పుడు వెంట తెచ్చుకున్న తెలుగులో ఈ వస్తువులకు పేర్లు లేవు. అందుకే మనలో చాలామంది కరెంటు మాట వచ్చేసరికి ఇంగ్లీషులోకి జారిపోతాం. జారనక్కర్లేదు. ఆంధ్రలో, తెలంగాణలో ఇలాంటి లైట్ల దండను ‘సీరియల్ సెట్’ అంటారు, ‘సీరియల్ లైట్లు’ అని కూడా అంటారు. టీవీ సీరియల్‌కూ దీనికీ సంబంధం లేదు. బల్బులన్నీ ఒకదాని వెనక ఒకటి, ఒకే కరెంటు దారిలో ఉంటాయి కాబట్టి ఆ పేరు. పాత సెట్లలో ఒక్క బల్బు పోతే వరసంతా ఆరిపోయేది. ఆ ఒక్క బల్బు కోసం వెతుకుతూ మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు పండగ సాయంత్రమంతా నేల మీద కూర్చునే ఉంటారు.

ఇప్పుడు ఆ సెట్లు ఎల్‌ఈడీలయ్యాయి. స్విచ్‌లు ఫోన్‌లోకి వెళ్లాయి. ఈ రెండూ కలిసినప్పుడు కొన్ని చిక్కులు వస్తాయి. అందులో కొన్ని కరెంటు చిక్కులు, ఒకటి మాత్రం ఇంటి చిక్కు. ముందు ఇంటి చిక్కు చెప్తాను.

మా ఇంట్లో జరిగింది

2023లో మా అబ్బాయి ఇంటి ముందు చూరు పొడుగునా ఎల్‌ఈడీ సెట్లు కట్టాడు. చూరు కింద, నిచ్చెన వేస్తే తప్ప అందని చోట, ఒక సాకెట్ ఉంది. అందులో స్మార్ట్ ప్లగ్ పెట్టాడు. సూర్యాస్తమయానికి వెలగాలి, రాత్రి 11 గంటలకు ఆరిపోవాలి అని ఫోన్‌లో రాశాడు. అక్కడితో ఆగలేదు. పంచాంగం చూసి రాబోయే అయిదేళ్ల దీపావళి తేదీలు ముందే ఎక్కించేశాడు. “ఇంక నువ్వేమీ చెయ్యక్కర్లేదమ్మా” అన్నాడు. మా అమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, సరిగ్గా సూర్యుడు దిగే వేళకు అవి వెలగడం చూసి చప్పట్లు కొట్టింది.

2024 ఆగస్టులో మా అమ్మ పోయింది.

ఇంట్లో మనిషి పోతే ఆ ఏడాది పండగలు చేసుకోకపోవడం మా ఇంటి పద్ధతి. డర్బన్‌లో ఉన్నప్పుడూ అంతే, ఇక్కడ హెర్న్‌డన్‌లోనూ అంతే. ఆ ఏడాది దీపావళి, ఇక్కడి పిల్లల హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి, అక్టోబర్ 31న. హాలోవీన్ రాత్రి వాకిట లైటు వెలుగుతుంటే పిల్లలు మిఠాయికి రావచ్చని అర్థం. లైటు లేకపోతే తలుపు తట్టకుండా వెళ్లిపోతారు. ఇది ఎవరూ రాసి పెట్టని నియమం, కానీ అయిదేళ్ల పిల్లలకు కూడా తెలుసు. మేము వాకిట్లో దీపం పెట్టలేదు, లైటూ వెయ్యలేదు. నేను, మా నాన్న హాల్లో కూర్చున్నాం. అమ్మ ఫోటో ముందు ఒక చిన్న దీపం మాత్రం ఉంది.

6 గంటల 10 నిమిషాలకు ఇంటి ముందంతా ఒక్కసారిగా వెలిగింది.

నాకు క్షణంసేపు ఏమీ అర్థం కాలేదు. ఈలోగా పిల్లలు తలుపు తట్టారు. ఇంట్లో మిఠాయి లేదు. వాళ్లకు సర్దిచెప్పి పంపేసరికి వీధి చివర ఉండే గుంటూరు అమ్మాయి పళ్లెం పట్టుకుని వచ్చింది. “అక్కా, ఈసారి మీరు చేసుకోరేమో అనుకున్నాను. లైట్లు చూసి వచ్చాను” అంది. లోపలికి చూసింది. అమ్మ ఫోటో చూసింది. పళ్లెం ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు, ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

మా నాన్నకు 80 దాటింది. ఎక్కువగా ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ఇంటి సంగతులకు మాత్రం తెలుగు వస్తుంది. కుర్చీలోంచి అడిగారు: “ఎవరు వెలిగించారు?”

“ఎవరూ వెలిగించలేదు నాన్నా. అవే వెలిగాయి.”

“అవే ఎలా వెలుగుతాయి?”

అబ్బాయి కాలేజీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. ఆ యాప్ అతని ఫోన్‌లోనే ఉంది. పాస్‌వర్డ్ నాకు తెలియదు. చీకట్లో నిచ్చెన ఎక్కే ధైర్యం లేదు. చివరికి గరాజ్‌లోకి వెళ్లి, మెయిన్ బోర్డులో ఇంటి ముందు భాగానికి వెళ్లే బ్రేకర్ దించేశాను. అప్పటికి 20 నిమిషాలు అయింది. రాత్రి అబ్బాయి ఫోన్ చేసి, “అవ్వ పోయాక ఆ తేదీలు తీసెయ్యాలని నాకు తోచనే లేదమ్మా” అని ఏడ్చాడు.

ప్లగ్ తప్పేమీ లేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. ఇంట్లో మనిషి పోయిన సంగతి దానికి ఎవరు చెప్పారు?

గుడి బడిలో నేర్చుకున్న తేడా

మా నాన్న అడిగిన ప్రశ్నలో, నేను చెప్పిన జవాబులో ఒక వ్యాకరణ పాఠం ఉంది. ‘వెలిగింది’ వేరు, ‘వెలిగించింది’ వేరు. మొదటిదానిలో పని దానంతట అదే జరిగినట్టు చెప్తాం. రెండోదానిలో చేసిన మనిషి ఉన్నారు. మధ్యలో వచ్చిన ఆ చిన్న ‘ఇంచు’ చేసిన మనిషిని వాక్యంలోకి తెస్తుంది.

మా గుడి బడిలో పంతులుగారు ఈ తేడాను గంటతో నేర్పారు. ఒక పిల్లవాణ్ని పిలిచి గంట కొట్టమనేవారు. “ఏమైంది?” అంటే “గంట మోగింది” అనాలి. “ఎవరేం చేశారు?” అంటే “వాడు గంట మోగించాడు” అనాలి. మేము రెండూ కలిపేసి తిట్లు తినేవాళ్లం.

అన్ని మాటలకూ ‘ఇంచు’ రాదు. దీపం ఆరింది, నేను దీపం ఆర్పాను. చక్రం తిరిగింది, నేను చక్రం తిప్పాను. ఇంకో చిక్కు కూడా ఉంది. ‘ఆరు’ అంటే అంకె 6, దీపం ఆరడం, తడి బట్టలు ఆరడం కూడా. “బట్టలు ఆరాయి” అంటే మంచిదే. “దీపం ఆరింది” అనడానికి మాత్రం పెద్దవాళ్లు ఇష్టపడరు. దేవుడి దీపం ఆరిపోతే “దీపం కొండెక్కింది” అంటారు. కరెంటు లైటుకు ఈ మర్యాద లేదు. “లైటు ఆర్పు”, “లైటు తియ్యి”, “లైటు ఆపు” ఏదైనా అనవచ్చు. తెలంగాణ వాళ్లు “లైటు బంద్ చెయ్” అంటారు. వెలిగించమనడానికి “లైటు వెయ్యి” అంటారు, “దీపం పెట్టు” అంటారు. దీపం వెయ్యరు, లైటు పెట్టరు. ఈ రెండూ తారుమారు చేస్తే మీ తెలుగు ఎక్కడిదో ఎదుటివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

ఈ లైట్లు ఎక్కడి నుంచి వచ్చాయి

విద్యుత్ లైట్లను క్రిస్మస్ చెట్టుకు మొదట కట్టింది ఎడ్వర్డ్ జాన్సన్. ఎడిసన్‌తో కలిసి పనిచేసినవాడు. 1882 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల బల్బులు 80 కట్టాడు. 1923లో వాషింగ్టన్‌లో అధ్యక్షుడు కూలిడ్జ్ మొదటి జాతీయ క్రిస్మస్ చెట్టును బటన్ నొక్కి వెలిగించారు. దానికి 2,500 బల్బులు. ఆ చెట్టు వెలిగించే ఆచారం నేటికీ ఉంది. హెర్న్‌డన్ నుంచి ఇప్పుడు మెట్రో రైలు ఎక్కి వెళ్లి చూసి రావచ్చు. 2007లో ఆ చెట్టుకు మొదటిసారి ఎల్‌ఈడీలు కట్టారు.

ఎల్‌ఈడీ పాత బల్బు లాంటిది కాదు. పాత బల్బులో సన్నని తీగ కాలి తెల్లగా వెలుగుతుంది. ఎల్‌ఈడీలో కాలేది ఏమీ లేదు. అది ఒక చిన్న స్ఫటికం ముక్క. కరెంటు ఒక వైపు నుంచి వెళ్తే వెలుగు ఇస్తుంది. కంటికి కనబడే ఎర్ర వెలుగు ఇచ్చే ఎల్‌ఈడీని 1962లో నిక్ హోలోన్యాక్ తయారు చేశారు. నీలం రంగు సాధించడానికి ఇంకా 30 ఏళ్లు పట్టింది. నీలం లేనిదే తెలుపు రాదు. ఆ నీలం సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

లాభం ఎంతో లెక్క వేద్దాం. 100 చిన్న బల్బుల పాత సెట్ సుమారు 40 వాట్లు తింటుంది. అంతే పొడుగున్న ఎల్‌ఈడీ సెట్‌కు సుమారు 6 వాట్లు చాలు. మా ఇంటికి 6 సెట్లు పడతాయి. పాతవైతే 240 వాట్లు, ఎల్‌ఈడీలైతే 36 వాట్లు. రోజుకు 5 గంటల చొప్పున నెల రోజులు వెలిగిస్తే పాతవాటికి 36 యూనిట్లు, కొత్తవాటికి 5 యూనిట్ల పైచిలుకు. కాబట్టి కరెంటు బిల్లుకు భయపడి మిషన్‌తో ఆర్పించాలనే రోజులు పోయాయి. ఆర్పడానికి వేరే కారణాలున్నాయి. పక్కింటివాళ్లు నిద్రపోవాలి, మనమూ నిద్రపోవాలి.

ఆరీ ఆరని దీపం

ఇప్పుడు కరెంటు చిక్కు. ఇది మీలో చాలామంది చూసే ఉంటారు. స్మార్ట్ స్విచ్‌తో లైట్లు ఆర్పేస్తారు. ఫోన్‌లో ‘ఆఫ్’ అని కనబడుతుంది. గది చీకటి చేసి చూస్తే ఎల్‌ఈడీలు ఇంకా గుడ్డిగా వెలుగుతూనే ఉంటాయి. లేదా మిణుకు మిణుకుమంటాయి. మా హాల్లో కిటికీకి కట్టిన సెట్ రాత్రంతా అలాగే ఉండేది. అమ్మ దాన్ని చూసి “ఇదేమిటి, ఆరనూ ఆరదు, వెలగనూ వెలగదు” అనేది.

కారణం ఎల్‌ఈడీలో లేదు, స్విచ్‌లో ఉంది. మామూలు గోడ స్విచ్ తీగను నిజంగా విడదీస్తుంది. మధ్యలో గాలి ఉంటుంది, కరెంటు దాటలేదు. కానీ వెలుగును తగ్గించి పెంచే డిమ్మర్ రకం స్విచ్ తీగను విడదీయదు. లోపల ఒక ఎలక్ట్రానిక్ భాగం కరెంటును ఆపుతుంది. ఆ ఆపడం పూర్తిగా ఆపడం కాదు. సరిగ్గా బిగించని కుళాయి లాగా కొంచెం కారుతూ ఉంటుంది. పాత బల్బు ఉన్నప్పుడు ఆ కొంచెం ఎవరికీ కనబడేది కాదు, ఎందుకంటే తీగ వేడెక్కాలంటే చాలా కరెంటు కావాలి. ఎల్‌ఈడీకి మాత్రం ఆ చుక్కలే చాలు.

న్యూట్రల్ తీగ లేని స్మార్ట్ స్విచ్‌లదీ అదే కథ. స్విచ్ లోపల చిన్న రేడియో ఉంది. ఫోన్ మాట వినడానికి అది రాత్రీ పగలూ మేలుకుని ఉండాలి. మేలుకోవడానికి దానికి కరెంటు కావాలి. న్యూట్రల్ తీగ ఉంటే ఆ దారిన తీసుకుంటుంది. లేకపోతే లైట్ల గుండానే కొంచెం కొంచెం లాగుతుంది. ఆ కొంచెమే గుడ్డి వెలుగు. అమెరికాలో 2011 విద్యుత్ నియమావళి నుంచి కొత్తగా కట్టే ఇళ్లలో స్విచ్ పెట్టెల దాకా న్యూట్రల్ తీగ తేవాలన్నారు. పాత ఇళ్లలో చాలాచోట్ల అది ఉండదు.

ఏం చెయ్యాలి? మూడు దారులున్నాయి.

ఒకటి, రిలే ఉన్న స్విచ్ గాని ప్లగ్ గాని కొనండి. రిలే అంటే లోపల చిన్న అయస్కాంతం తీగను నిజంగా కలిపి, నిజంగా విడదీస్తుంది. వెయ్యగానే ‘టక్’ అని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వింటే సంతోషించండి. పెట్టె మీద ‘డిమ్మర్’ అని ఉంటే పండగ లైట్లకు వద్దు. వెలుగు తగ్గించుకోవాలనే కోరిక ఉంటే, తగ్గించడానికి వీలైనదని సెట్ పెట్టె మీద రాసి ఉండాలి. మామూలు గోడ సాకెట్‌కు డిమ్మర్ స్విచ్ తగిలించవద్దు. రేపు ఎవరో అందులో వాక్యూమ్ క్లీనర్ పెడతారు.

రెండు, అదే సెట్ చివర ఒక పాతకాలపు తీగ బల్బు పెట్టండి. ఇండియాలో ‘జీరో బల్బు’ అంటారే, అలాంటిది. ఇక్కడ రాత్రి దీపాలకు వాడే 7 వాట్ల బల్బు సరిపోతుంది. కారే చుక్కలను అది తాగేస్తుంది, ఎల్‌ఈడీలు పూర్తిగా ఆరిపోతాయి. మా హాల్లో కిటికీ దగ్గర ఇదే చేశాం. ఆ బల్బును కుండీ వెనక దాచాం. అమ్మకు ఆ ఉపాయం నచ్చింది. “కొత్తవాటికి బుద్ధి చెప్పడానికి పాతది ఒకటి కావాల్సి వచ్చింది” అంది.

మూడు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్ తీగ ఉందో లేదో చూపించండి. స్విచ్ పెట్టె మీరే విప్పకండి.

మిణుకుమనడానికి ఇంకో కారణం ఉంది. చవక సెట్లు కరెంటు తరంగంలో సగమే వాడుకుంటాయి. అవి సెకనుకు 60 సార్లు వెలిగి ఆరతాయి. మంచివి రెండు సగాలూ వాడుకుంటాయి, 120 సార్లు వెలుగుతాయి. తల తిప్పి చూసినప్పుడు లైట్లు చుక్కలు చుక్కలుగా కనబడితే అది మొదటి రకం. కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది. అలాంటప్పుడు స్విచ్ మార్చి లాభం లేదు, సెట్ మార్చాలి.

బయట కట్టేవారికి రెండు మాటలు. అమెరికాలో సెట్ వైరు మీద ఉండే యూఎల్ చీటీ చూడండి. ఆకుపచ్చ చీటీ ఉంటే ఇంటి లోపలికే. ఎర్ర చీటీ ఉంటే లోపల, బయట ఎక్కడైనా వాడవచ్చు. స్మార్ట్ ప్లగ్ కూడా బయటికి తగినదే కొనాలి. వాన పడగానే లైట్లు ఆరిపోతున్నాయంటే చాలాసార్లు భద్రతా సాకెట్ తన పని తాను చేస్తోందని అర్థం. ఎక్కడో తడి దారి దొరికి కరెంటు నేలలోకి పోతోంది. దాన్ని ఊరికే మళ్లీ మళ్లీ నొక్కకుండా, తడిసిన కలయిక ఎక్కడుందో వెతకండి.

చుట్టాలకు పంపే ముందు

ఈ పత్రిక చదివేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అందుకే ఒక హెచ్చరిక. అమెరికాలో కరెంటు 120 వోల్టులు. దక్షిణాఫ్రికాలో, మారిషస్‌లో 230. ఫిజీలో 240. ఇక్కడ కొన్న సెట్‌ను అక్కడ పిన్ను మాత్రం మార్చి పెడితే కాలిపోతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. అడాప్టర్ ఉన్న సెట్ అయితే దాని మీద సన్న అక్షరాలు చదవండి. ‘100-240’ అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది. ‘120’ ఒక్కటే ఉంటే పంపకండి.

స్మార్ట్ స్విచ్‌లకు ఇంకో అడ్డంకి ఉంది. వైఫై అన్ని దేశాల్లో ఒకటే. కానీ జీ-వేవ్ అనే రేడియో పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 908 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 868. ఇక్కడి స్విచ్ అక్కడి పెట్టెతో మాట్లాడదు. ప్రేమతో పంపిన బహుమతి అల్మరాలో పడి ఉంటుంది. చుట్టాలకు లైట్లు ఇవ్వాలనిపిస్తే వాళ్ల ఊళ్లోనే కొనిపించండి.

ఎవరి గంట

దీపావళి తేదీ ఏటా మారుతుంది, సూర్యాస్తమయమూ మారుతుంది. 2024లో అక్టోబర్ 31న ఇక్కడ సుమారు 6:10కి చీకటి పడటం మొదలైంది. 2025లో పండగ అక్టోబర్ 20న వచ్చింది, సూర్యుడు 6:20 దాటాక అస్తమించాడు. ఈ ఏడాది నవంబర్ 8 నాటికి గడియారాలు గంట వెనక్కి తిప్పేసి ఉంటాం. సుమారు 5 గంటలకే అస్తమిస్తాడు. పాత టైమర్‌కు ఇవేవీ తెలియవు, మనమే మార్చాలి. కొత్త స్విచ్‌లకు మన ఊరు చెప్తే చాలు, రోజురోజుకూ లెక్క వేసుకుంటాయి. ఇంత తెలివి ఉన్నదానికి పని అప్పగించాలని ఎవరికైనా అనిపిస్తుంది. మా అబ్బాయికీ అదే అనిపించింది.

కానీ మనవాళ్లకు కాలం విషయంలో ఒక పాత అనుభవం ఉంది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది గిర్మిట్ మీద నెటాల్‌కు వచ్చారు. చెరకు తోటల్లో తెల్లవారకముందే గంట మోగేది. ఎప్పుడు మోగాలో చెప్పేది మనవాళ్లు కాదు. ఆ గంటకు లేవాలి, సర్దార్ పిలిచినప్పుడు వరసలో నిలబడాలి, వదిలినప్పుడు ఇంటికి రావాలి. దీపావళికి సెలవు కూడా అంత సులువుగా రాలేదు. 1908లో నెటాల్ వచ్చిన స్వామి శంకరానంద దానికోసం గట్టిగా పనిచేశారు.

మా అవ్వ చిన్నప్పుడు పెద్దవాళ్ల దగ్గర విన్నది నాకు చెప్పేది. పనిలోంచి వచ్చి, చేతులు కడుక్కుని, మట్టి ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి వెలిగించేవాళ్లట. ఆ రోజంతటిలో తమంతట తాము, తమకు తోచిన వేళకు చేసిన పని అదొక్కటేనట. ఈ మాట చిన్నప్పుడు నాకు పట్టలేదు. 2024 దీపావళి రాత్రి బ్రేకర్ దించి గరాజ్ చీకట్లో నిలబడినప్పుడు గుర్తొచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో

మేము స్మార్ట్ స్విచ్‌లను పారేయలేదు. వాటి పని మార్చాం.

వెలిగించే పని మిషన్‌కు ఇవ్వలేదు. క్యాలెండర్ తేదీలన్నీ తీసేశాం. పూజ గది తలుపు పక్కన, నాన్న చేతికి అందే ఎత్తులో, గోడకు ఒక బటన్ అంటించాం. దాంట్లో బ్యాటరీ ఉంది, తీగ లేదు. అది నొక్కితే ఇంటి లైట్లన్నీ వెలుగుతాయి. మళ్లీ నొక్కితే ఆరిపోతాయి. ఫోన్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఇంటర్నెట్ పోయినా పనిచేసే రకమే చూసి కొన్నాం. చుట్టం వచ్చినా, చిన్న పిల్ల వచ్చినా నొక్కవచ్చు.

ఆర్పే పని మాత్రం మిషన్‌కే ఇచ్చాం. రాత్రి 10:30కి అన్నీ ఆరిపోతాయి. మనం మరిచిపోతాం, అది మరిచిపోదు. మరిచిపోకూడని పనికి మిషన్ మంచిది. చేయాలా వద్దా అని ఆ రోజు ఇంటిని చూసి తేల్చుకోవలసిన పనికి మనిషి కావాలి.

ఇంకొకటి. ఆ యాప్ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి, మెయిన్ బోర్డు తలుపు లోపల అంటించాం. ఏ బ్రేకర్ ఎక్కడికి వెళ్తుందో దాని కిందే తెలుగులో రాశాను. ‘ఇంటి ముందు’, ‘వంటిల్లు’, ‘పై గదులు’. నా చేతి రాత చూసి మా అబ్బాయి నవ్వుతాడు, కానీ చదవగలుగుతున్నాడు.

పోయిన ఏడాది అమ్మ సంవత్సరీకం ఆగస్టులో అయిపోయింది. అక్టోబర్ 20న దీపావళి చేసుకున్నాం. సాయంత్రం నాన్న వాకిట్లో ప్రమిద వెలిగించారు. వంగడానికి కష్టమైతే నేను చెయ్యి పట్టుకున్నాను. తరువాత లోపలికి వచ్చి బటన్ నొక్కారు. ‘టక్’ అని చప్పుడైంది. గుంటూరు అమ్మాయి ఈసారి ముందు ఫోన్ చేసింది. “అక్కా, లైట్లు చూస్తున్నాను. రావచ్చా?” అని అడిగింది. రమ్మన్నాను. ఆమె వచ్చాక నాన్న లైట్ల వైపు చూపించి, “నేనే వెలిగించాను” అన్నారు.

‘ఇంచు’ సరిగ్గా వచ్చింది. మా పంతులుగారు ఉంటే మెచ్చుకునేవారు.

ఈ నెల మాటలు

చూరు: ఇంటి కప్పు గోడ దాటి ముందుకు వచ్చిన అంచు.
ప్రమిద: నూనె పోసి దీపం పెట్టే చిన్న మట్టి గిన్నె.
వత్తి: దూదితో చేసేది. నూనె పీల్చి వెలుగుతుంది.
గుడ్డి వెలుగు: సరిగా కనబడనంత తక్కువ వెలుగు.
మిణుకుమను: కాస్త వెలిగి, కాస్త ఆరుతూ ఉండు. నక్షత్రాలకు కూడా వాడతాం.
కొండెక్కు: దేవుడి దీపం ఆరిపోవడాన్ని మర్యాదగా చెప్పే మాట.
సంవత్సరీకం: మనిషి పోయిన ఏడాదికి చేసే కర్మ.
గిర్మిట్: కూలి ఒప్పందం. ఇంగ్లీషు ‘అగ్రిమెంట్’ మనవాళ్ల నోట ఇలా అయింది.

ఇంటి పని

ఈ వాక్యాలను మార్చి, చేసిన మనిషిని లోపలికి తీసుకురండి. “లైట్లు వెలిగాయి.” “గంట మోగింది.” “ఫ్యాన్ తిరిగింది.” “దీపం ఆరింది.” తరువాత మీ ఇంట్లో పండగ దీపం ఎవరు వెలిగిస్తారో, అది ఎప్పటి నుంచి వాళ్ల పనో అయిదు వాక్యాల్లో రాయండి. తప్పులు వస్తే రానివ్వండి. నేను దిద్దుతాను.

మీ అందరికీ ముందుగా దీపావళి శుభాకాంక్షలు. ఈ ఏడాది దీపం పెట్టని ఇళ్లవారికి నా నమస్కారం.